వెనక సందు తలుపు

వర్తక వీధులు,
మూడో అంతస్తు గది,
ఎండలు ముదిరిన వేళ.

మూగనోము బావకి,

నేను బాగున్నాను. నువ్వు బాగాలేకపోయినా ఎలాగూ చెప్పవు కాబట్టి, బాగున్నావనే అనుకుని మొదలుపెడుతున్నాను.

మా ఆయన పోయినప్పుడు నువ్వు పరామర్శకి రాసిన ఉత్తరంతో మన రాకపోకలు మళ్ళీ మొదలయ్యాయి. రాకపోకలంటే రాతలే అనుకో. అప్పటినుంచి నేను పేజీలకు పేజీలు రాస్తున్నాను, నువ్వు పొడిపొడిగా జవాబిస్తున్నావు. కలప డిపోలో రోజూ లెక్కలు రాసీ రాసీ నీకు ఉత్తరం కూడా చిట్టాలాగే వస్తోంది. టేకు వచ్చింది, ఎండ పోయింది, నేను మిగిలాను. అంతే.

నా కొత్త పని సంగతి సరిగ్గా రాయలేదు కదూ. కంపెనీ మూతపడ్డాక కొన్నాళ్ళు ఇంట్లో కూర్చున్నాను. ఏళ్ళ తరబడి టెలిఫోన్ బోర్డు ముందు కూర్చుని "ఎవరు కావాలండీ" అన్న నోరు ఊరుకుంటుందా? ఇప్పుడు ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళకి ఈ పాత వర్తక వీధులన్నీ తిప్పి చూపిస్తున్నాను. పసుపు గొడుగు ఎత్తి పట్టుకుని ముందు నేను, తలకాయలు పైకెత్తుకుని వెనకాల వాళ్ళు. మనం రోజూ చెమటలు కక్కుకుంటూ పరిగెత్తిన వీధుల్ని జనం టికెట్టు కొని చూస్తారని ఎవరనుకున్నారు? మొన్న పాత బ్యాంకు ముందు ఒకాయన, ఇక్కడ ఇప్పటికీ అప్పులిస్తారా అన్నాడు. అప్పట్లోనూ అడిగినవాళ్ళకి ఇచ్చేవాళ్ళు కాదండీ, అక్కర్లేనివాళ్ళకే ఇచ్చేవాళ్ళు అన్నాను. అందరికన్నా ముందు ఆయన భార్య నవ్వింది.

ఇంకో సంగతి. మా తమ్ముడు వాళ్ళ ఊరికి వచ్చెయ్యమంటున్నాడు. ఒక్కదానివీ మూడు అంతస్తులు ఎక్కి దిగుతూ ఎన్నాళ్ళుంటావు, మేడ మీద గది ఖాళీగా ఉంది అంటున్నాడు. వానలు పడేలోగా ఏ సంగతీ చెప్పమన్నాడు. ఇక్కడ పని మానుకోవాలి, గది వదులుకోవాలి. నాకు ఎటూ పాలుపోవడం లేదు. నువ్వేమంటావు?

వీలైతే ఒక్కసారి వచ్చి ఈ వీధులు చూడు. ప్రపంచమంతా వచ్చి చూస్తోంది. నువ్వొక్కడివే ఒక్కసారీ రాలేదు.

నీ
వసపిట్ట


కలప డిపో,
వెనక వైపు గది.

వసపిట్టకి,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అంతా మామూలే. డిపోలో సరుకు నిండుగా ఉంది. వానలకు ముందే అంతా కప్పు కిందికి చేర్చాలి. మనుషులు చాలడం లేదు.

నీ తమ్ముడు మంచివాడు. నీమీద గౌరవం ఉన్నవాడు. ఆ ఊరిలో నీళ్ళకి ఇబ్బంది లేదని విన్నాను. బాగా ఆలోచించుకుని నిర్ణయం తీసుకో.

ఇంటికి సున్నం వేయించాను. మా ఆవిడ పోయినప్పటినుంచి పక్క గది మూసి ఉంది. ఈ మధ్య తలుపు తీయించి, కిటికీకి కొత్త రెక్కలు పెట్టించాను. ఆ గదిలో ఎవరూ ఉండరు కదా, ఎవరికోసమయ్యా ఈ హంగు అని మా యజమాని అడిగాడు. కిటికీ కోసమని చెప్పాను. పొద్దున పూట ఆ గదిలోకి మంచి గాలి వస్తోంది. బల్ల వేసుకుంటే రాసుకోవడానికి, చదువుకోవడానికి వీలుగా ఉంటుంది. వీధిలోంచి మనుషుల మాటలు వినబడతాయి. మాట్లాడే అలవాటున్నవాళ్ళకి తోచకపోవడం ఉండదు.

అప్పులిచ్చే బ్యాంకు సంగతి చదివి నవ్వుకున్నాను.

మెట్లు నెమ్మదిగా ఎక్కు.

బావ


వర్తక వీధులు.

బావగారికి నమస్కారాలు.

తమరి ఉత్తరం చేరింది. కిటికీకి కొత్త రెక్కలు వచ్చినందుకు చాలా సంతోషించాను. ఏ కర్రతో చేయించారో రాయలేదు. అంత ముఖ్యమైన సంగతి ఎలా మరిచిపోయారా అని ఆశ్చర్యపోయాను. మా తమ్ముడి ఊళ్ళో నీళ్ళ సంగతి తెలియజేసినందుకు కూడా కృతజ్ఞతలు.

నేను అడిగింది నీళ్ళ గురించి కాదు. అది మీకూ తెలుసు.

మనిద్దరికీ జుట్టు నల్లగా ఉన్న రోజుల్లో నేను మీకొక ఉత్తరం రాశాను. నాన్న వేరే సంబంధం చూస్తున్నాడు, బుధవారం ఆఫీసు వదిలే వేళకి రండి, ఇద్దరం కలిసి వెళ్ళి ఆయనకి చెబుదాం అని. మీరు రాలేదు. ఎందుకు రాలేదని నేను అడగలేదు. తర్వాత ఎవరి సంసారం వాళ్ళు చేసుకున్నాం, మర్యాదగానే చేసుకున్నాం. ఇప్పుడు కూడా అడగడం లేదు. కానీ ఒకసారి పిలిచి భంగపడ్డ మనిషి రెండోసారి తనంతట తాను పిలవదు, పిలవని ఇంటికి తనంతట తాను పోదు. ఆ మాత్రం అభిమానం నాకు ఈ వయసులోనూ మిగిలింది.

కంపెనీ భవనాన్ని హోటలు చేశారు. మా టెలిఫోన్ గది గోడలు పగలగొట్టి పడకగదులు కట్టారట. కూలివాళ్ళు తీగలు చుట్టలు చుట్టి పట్టుకుపోతుంటే చూస్తూ నిలబడ్డాను. ఊళ్ళో ఉన్నవాళ్ళందరి మాటలూ ఆ తీగల్లోంచే పోయాయి. నా మాట ఒక్కటే ఎక్కడికీ పోలేదు.

వాన మొదలవగానే తమ్ముడు వ్యాను తీసుకుని వస్తాడు. ఆ లోపల ఎవరైనా ఏమైనా చెప్పదలచుకుంటే చెప్పవచ్చు. తర్వాత చెప్పినా వింటాను గానీ, అది వేరు.

ఇట్లు,
మీ మేనమామ కూతురు


కలప డిపో,
వెనక వైపు గది.

నీకు,

వచ్చాను. చూశాను. తిరిగి వచ్చేశాను. వివరంగా రాస్తాను.

యజమానిని సెలవు అడిగి, ఊళ్ళు చూపించే బస్సులో సీటు తీసుకున్నాను. మధ్యాహ్నం మీ ఊరు చేరాం. కావలసినవాళ్ళు బజారుకి వెళ్ళవచ్చు, కావలసినవాళ్ళు పాత వర్తక వీధులు చూడవచ్చు అన్నారు. నేను రెండోదానికి నిలబడ్డాను. పేరు అడిగితే మా యజమాని పేరు చెప్పాను. ఎందుకలా చెప్పానో నాకే తెలియదు.

ముందు గొడుగు కనబడింది, తర్వాత నువ్వు. జుట్టు తెల్లబడింది. నడక మారలేదు. ఎత్తయిన ఒక మనిషి వెనక నిలబడ్డాను. ఆయన పదవీ విరమణ చేసిన బడిపంతులు. నువ్వు చెప్పిందల్లా చేతి పుస్తకంలో ఎక్కించుకుంటున్నాడు. ఫ్లాస్కు తెచ్చుకున్న అక్కచెల్లెళ్ళిద్దరు ఎక్కడ నీడ కనబడితే అక్కడ కూర్చుంటున్నారు. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి. వాళ్ళు భవనాలు చూడలేదు.

నువ్వు చూపించినవన్నీ చూశాను. ఓడల కంపెనీ గుమ్మం మీద రాతితో చెక్కిన ఓడ. అరిగిపోయి పేర్లు చదవడానికి రాని ఇత్తడి పలకలు. పత్తి వేలం జరిగిన గుండ్రటి హాలు. బావిలోకి దిగినట్టు చుట్టూ మెట్లు, అడుగున నిలబడి దళారులు ధరలు అరిచేవాళ్ళని చెప్పావు. ఇప్పుడక్కడ కాఫీ అమ్ముతున్నారు. గుసగుసలాడినా పైమెట్టు మీదికి వినబడుతుందని, నువ్వు కిందికి దిగి నెమ్మదిగా "అందరూ ఉన్నారా" అన్నావు. నాకు చెవి దగ్గర అన్నట్టుంది. అందరూ ఉన్నామన్నారు. నేను అనలేదు.

తర్వాత మీ కంపెనీ భవనానికి తీసుకొచ్చావు. రెండు రాతి సింహాలు, వాటి మధ్య ఆ పెద్ద తలుపు. లోపల మెట్లకి ఉన్న కమ్మీ టేకు. మంచి చేవ ఉన్న కర్ర, ఒకే దుంగ నుంచి కోసింది. ఎక్కడా అతుకు లేదు. దానిమీద చెయ్యి వేశాను. రోజూ పొద్దున్నే నువ్వు దీన్ని పట్టుకునే ఎక్కి ఉంటావనుకున్నాను. అప్పుడే నువ్వు చెప్పావు, ఈ తలుపూ ఈ మెట్లూ యజమానులకీ కొనుగోలుదార్లకీ మాత్రమే, పనిచేసేవాళ్ళు వెనక సందులోంచి రావాలి, పోవాలి, ఉద్యోగం చేసినన్నాళ్ళూ నువ్వీ కమ్మీ ముట్టుకోలేదు అని.

నేను చెయ్యి తీసేశాను.

అక్కడినుంచి మమ్మల్ని సందులోకి తిప్పావు. చెత్త డబ్బాలు, గోడ వెంట గొట్టాలు, మధ్యలో చిన్న ఇనప తలుపు. ఒక అమ్మాయి ఇక్కడ టెలిఫోన్ బోర్డులో పనిచేసేది, ఒక సాయంత్రం తన మనిషి కోసం ఈ తలుపు పక్కన నిలబడింది, తోటివాళ్ళంతా వెళ్ళిపోయారు, సందులో దీపం వెలిగించేదాకా నిలబడింది, రావలసినవాడు రాలేదు అని చెప్పావు. చదివి అప్పగించినట్టు చెప్పావు. పంతులుగారు పెన్సిలు ఆపి, ఎందుకు రాలేదమ్మా అన్నారు.

"అది ఆయన్నే అడగాలండి."

ఆ మాట అని గొడుగు ముడిచి మళ్ళీ విప్పావు. నేను గోడ వారగా ఉన్నాను. నాకు జవాబు తెలుసు. నోరు తెరిచాను కూడా. కొత్త పెళ్ళికూతురు అప్పుడే తుమ్మింది, అందరూ నవ్వారు, నువ్వు ముందుకి నడిచావు.

ఇప్పుడు రాస్తున్నాను. ఆ బుధవారం నేను వచ్చాను.

రైలు దిగి దారి అడుక్కుంటూ పెందరాళే చేరాను. సింహాల తలుపు ముందు నిలబడ్డాను. అంత పెద్ద తలుపు ఉండగా ఆ ఇంటికి ఇంకో తలుపు ఉంటుందని నాకు తట్టలేదు. మా డిపోకి ఉన్నది ఒకే గేటు. దుంగలు, యజమాని, నేను, కూలివాళ్ళు, అందరం అందులోంచే వస్తాం. పెద్దమనుషులు కొందరు బయటికి వచ్చి కార్లు ఎక్కారు. తర్వాత కాపలా మనిషి గొలుసు వేసి తాళం పెట్టాడు. లోపల ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాను. ఒక్కరూ లేరు, పొమ్మన్నాడు. నువ్వు పైనుంచి నన్ను చూసి మనసు మార్చుకున్నావనుకున్నాను. నా చొక్కా చూసుకున్నాను. రైలు బొగ్గుతో మరకలు పడి ఉంది. సింహాలున్న ఇంట్లో ఉద్యోగం చేసే పిల్ల ఈ మనిషితో ఎందుకొస్తుంది అనుకున్నాను. ఆ మాట నాకు ఎంత సబబుగా తోచిందంటే, మళ్ళీ ఎప్పుడూ దాన్ని తిరగేసి చూడలేదు. తర్వాత నీ పెళ్ళి కబురు వచ్చింది.

నేను ఒక్కసారీ రాలేదని నువ్వు రాసినప్పుడు కాదని రాయలేకపోయాను. నిన్ను తప్పుపట్టినట్టు ఉంటుందనుకున్నాను. నువ్వూ నా గురించి అలాగే అనుకుంటున్నావని తెలియదు.

మా బస్సు వేళకి కదిలింది. నువ్వు చివరి మలుపులో చెయ్యి ఊపావు. అందరికీ ఊపావు.

ఇక్కడ చినుకులు పడుతున్నాయి.

బావ


తమ్ముడి ఇల్లు,
మేడ మీద గది.

బావా,

నీ ఉత్తరం వచ్చేసరికి వ్యాను కింద ఉంది. మంచం ఎక్కించేశారు, బీరువా మెట్ల మధ్యలో ఇరుక్కుంది. తమ్ముడు, కూలివాళ్ళు దాంతో తంటాలు పడుతుంటే నేను పై మెట్టు మీద కూర్చుని చదివాను. అక్కా, పక్కకి జరుగు అని తమ్ముడు కేకలేస్తున్నాడు. నేను జరగలేదు.

అంటే ఆ సాయంత్రం గోడకి అటు నువ్వు, ఇటు నేను. మధ్యలో గుమాస్తాల బల్లలు, తాళం వేసిన నాలుగు గదులు. నువ్వు అరిచి పిలిస్తే వినబడేది. నువ్వు అరవవు. నేనైనా ఒక్కసారి మలుపు తిరిగి ముందు వైపు చూసి ఉండాల్సింది. అటు వెళ్ళే అలవాటే మాకు లేదు బావా. ఆ వైపు వీధి మాది కాదన్నట్టు ఉండేవాళ్ళం.

మా ఆయన మంచివాడు. మీ ఆవిడ కూడా మంచిదని నాకు తెలుసు. వాళ్ళని తక్కువ చేసే మాట నేను రాయను, నువ్వూ రాయవు. అయినా ఆ బొగ్గు మరకల చొక్కా నా కళ్ళముందునుంచి పోవడం లేదు. సబబుగా తోచిందట. నిన్ను ఏమని తిట్టాలో తెలియక ఒక పూటంతా అన్నం మానేశాను.

సరే, ఇది కూడా విను. నిన్ను నేను రెండో మలుపులోనే పోల్చుకున్నాను. పంతులుగారి వెనక దాక్కున్నాననుకున్నావు. గుమ్మం ఎదురైనప్పుడల్లా అందర్నీ ముందు పోనిచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, దూలాల వంక చూసేవాడు ఇంకెవడుంటాడు? నువ్వు పిలుస్తావేమోనని చూశాను. పత్తి హాల్లో "అందరూ ఉన్నారా" అన్నది నీకోసమే. ఆ వెనక సందు మా నడకలో లేదు, ఎవరికీ చూపించం. చెత్త డబ్బాలు చూపించడానికా డబ్బు కట్టించుకున్నారు అని ఆ అక్కచెల్లెళ్ళు మా ఆఫీసులో ఫిర్యాదు చేశారు. చేసుకోనీ. నీకు చెప్పడానికి నాకింకో చోటు దొరకలేదు. నువ్వు రాలేదనే అనుకుని చెప్పాను. కోపంతోనే చెప్పాను.

మరి ఉత్తరం చదివాక కూడా సామాను ఎందుకు దింపించలేదని అడుగుతావు. అడగవు, అయినా చెబుతాను. వచ్చానని రాశావు. రమ్మని రాయలేదు. ఆ కాగితం తిరగేసి కూడా చూశాను, వెనక ఏమైనా ఉందేమోనని. బీరువా ఊడివచ్చింది, నేను వ్యాను ఎక్కాను.

దారిలో తమ్ముడికి అంతా చెప్పేశాను. నా నోరు నీకు తెలుసు కదా. వాడు స్టీరింగు తిప్పుతూనే అన్నాడు:

"బావ వచ్చి అడిగితే నేను కాదంటానా? అడగడానికి ఆయనకి నోరుండాలి గానీ."

మా మరదలు అంతకన్నా గడుసుది. ఈ వయసులో పెళ్ళిచూపులంటే వంటకి ఏం చెయ్యాలో ఏమిటో అంటూ వెక్కిరిస్తోంది. ఇక్కడ నాకు ఏ లోటూ లేదు. మేడ మీద గది, ఎదురుగా బోలెడంత ఆకాశం. పిల్లలు బడినుంచి రాగానే కథలు చెప్పమంటారు. అన్నీ ఉన్నాయి. సాయంత్రమైతే చాలు, ఎవరో వీధి చివర నిలబడి ఉన్నట్టు అనిపించి పిట్టగోడ దగ్గరికి వెళ్తాను. ఎవరూ ఉండరు.

ఉత్తరంలో అడిగితే ఒప్పుకోను బావా. ఉత్తరాలతో నాకు చాలైంది. మా తమ్ముడి ముందు, నా ముందు, నోటితో అడగాలి.

నీ
వసపిట్ట


కలప డిపో.

వసపిట్టకి,

ఆదివారం పొద్దున వస్తున్నాను. తమ్ముణ్ణి ఇంట్లో ఉండమను. నీ మరదలిని వంట పెట్టుకోవద్దను.

సెలవు అడగడానికి యజమాని దగ్గరికి వెళ్ళాను. మొన్ననే కదయ్యా ఊళ్ళు తిరిగొచ్చావు, మళ్ళీ ఏం పని అన్నాడు. మా మరదల్ని అడిగి ఇంటికి తీసుకురావడానికి అన్నాను. ఆయన చేతిలో కప్పు పక్కన పెట్టేశాడు. బయట దుంగలు దొర్లిస్తున్నవాళ్ళు కూడా ఆగినట్టున్నారు. ఆ మాట పైకి అనడం నాకు అదే మొదటిసారి. ఏమీ కాలేదు. ఒకవేళ రానంటే ఏం చేస్తావు అన్నాడు ఆయన. అది నేను ఆలోచించలేదు. ఆలోచిస్తే బయలుదేరలేను.

ఇప్పుడు రోజూ పనయ్యాక, డిపోలో ఎవరూ లేనప్పుడు ఆ మాట అనుకుంటున్నాను. దుంగల మధ్య మన గొంతు మనకే కొత్తగా వినబడుతుంది. ఒకసారి పూర్తిగా వస్తోంది, ఒకసారి సగంలో ఆగిపోతోంది. నీ తమ్ముడి మొహం తలుచుకుంటే పరవాలేదు. నీ మొహం తలుచుకుంటే ఆగిపోతోంది.

అందుకే ఆ మాట ఇందులో రాయడం లేదు. రాస్తే తేలికపడిపోతాను. ఇన్నాళ్ళూ ఏది బరువనిపించినా కాగితం మీద పెట్టేసి, అక్కడితో పని అయిపోయిందనుకున్నాను.

ఒక్కటి మాత్రం ముందుగా అడుగుతున్నాను. నాకు మాట అందకపోతే నువ్వు అందుకుని పూర్తి చెయ్యకు. అది నీ అలవాటు. నీకు తెలిసిన మాటే అయినా, నేను ఎంతసేపు తడుముకున్నా, తమ్ముడు నవ్వినా, నువ్వు ఊరుకుని ఉండు.

చెబుతాను.

బావ